గుమ్మడికాయ బండికి నిండు ఛార్జి

ముందుగా ఒక ప్రశ్న. వాడకుండా పక్కన పెట్టిన వస్తువును నిండుగా ఉంచడం మేలా, సగంలో ఉంచడం మేలా? తొందరపడి “నిండుగానే” అనకండి. మా ఇంట్లో అందరూ అలాగే అన్నారు. వాళ్ళందరినీ ఒక్కదాన్నే ఎదిరించి, వాదనలో నెగ్గి, చివరికి ఒక గుమ్మడికాయ ముందు నోరు మూసుకుని కూర్చున్నదాన్ని కాబట్టి ఈ ప్రశ్న అడిగే అర్హత నాకుందనుకుంటాను.

ఆ రోజుల్లో, ఏ విషయాన్నయినా వరుసగా పేర్చి, కారణాలతో సహా చెబితే ఎదుటివాళ్ళు ఒప్పుకుని తీరతారని నేను గట్టిగా నమ్మేదాన్ని. (ఆ రోజుల్లో అనడానికి నాకింకా వయసు చాలదని తెలుసు. నా తలలో ఒక్క వెంట్రుకయినా నెరవలేదు. కాని వారం వారం రేపల్లె పాసింజరు కోసం ఎదురుచూసిన మనిషి వయసును వెంట్రుకలతో లెక్కకట్టడం న్యాయం కాదు.) బాపట్లలో డిగ్రీ చదువుతూ కాలేజీ డిబేట్ జట్టులో ఉండేదాన్ని. మాకు శిక్షణ ఇచ్చిన మేడం గారు ఒక సూత్రం నేర్పారు: బలమైన పాయింటును చివరికి దాచుకోవాలి, న్యాయనిర్ణేతల చెవుల్లో మిగిలేది అదే. వేదిక మీద అది తిరుగులేని సూత్రం. ఇంట్లో మాత్రం మూడో పాయింటు దాటాక వినేవాళ్ళు మిగలరన్న సంగతి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఇంట్లో నన్ను “లాయరమ్మ” అనేవారు. అందులో గౌరవం పాలు బహు తక్కువ. ఉప్మాలో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి కూడా నేను పీఠికతో మొదలుపెడతానని మా పిన్ని ఫిర్యాదు.

మా అమ్మానాన్నలవి బదిలీల ఉద్యోగాలు కావడంతో నేను పెరిగింది రేపల్లెలో, మా బాబాయి ఇంట్లో. హాస్టలు నుంచి శనివారం బయల్దేరి, తెనాలిలో దిగి, అక్కడ రైలు మారి ఇల్లు చేరేదాన్ని. తెనాలి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని లోకంలోని అన్యాయాలన్నిటికీ జవాబులు సిద్ధం చేశాను. రైలు మాత్రం తనకు తోచినప్పుడే వచ్చేది. దానితో వాదించే అవకాశం లేకపోవడం ఒక్కటే ఆ రోజుల్లో నాకున్న లోటు.

బాబాయి చెరుకుపల్లి వైపు ఒక బడిలో సైన్సు మాస్టారు. పిల్లలకు ఘర్షణ పాఠం చెప్పడానికని ఒక రిమోట్ ట్రక్కు కొన్నాడు. కరెంటు మోటారుతో నడిచేది, మోకాలెత్తు కూడా ఉండదు గాని, లావుపాటి చక్రాలు, వెనక సామాను పెట్టుకునే తొట్టి, ఇసుకలోనూ గడ్డిలోనూ ఆగకుండా పోయే పట్టుదల ఉన్న బండి. (ఘర్షణ పాఠం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. బండి మాత్రం రోజూ సాయంత్రం మా వీధిలో తిరిగేది. “పాఠం ఇంకా అయిపోలేదా అండి?” అని పిన్ని అడిగితే, “పునశ్చరణ,” అనేవాడు బాబాయి.)

ఇక మా మామ్మ. మా నాన్నకూ బాబాయికీ తల్లి. ఊళ్ళో సగం బడుల యూనిఫారాలు ఆవిడ కుట్టుమిషను తొక్కి కుట్టినవే. మోకాళ్ళు అరిగిపోయింది కూడా ఆ తొక్కుడుకే. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఒక పెద్ద తుపాను చూసింది. ఉప్పునీళ్ళు చేలన్నిటినీ ముంచిపోయాక, మరుసటి ఏడు పంటన్నది లేదట. కూలిన గోడ మట్టి మీద దానంతటదే మొలిచిన గుమ్మడిపాదు ఒక్కటే కాసిందట. ఆ ఏడు చర్చిలో కోత పండుగకు, అంటే కోతలయ్యాక ఎవరి పంటలోంచి వాళ్ళు కొంత తెచ్చి బలిపీఠం ముందు పెట్టే ఆదివారానికి, మామ్మ ఆ గుమ్మడికాయను మోసుకెళ్ళింది. అప్పటినుంచి ఏటా అదే విత్తనం, అదే పాదు, అదే కాయ. వెనక వరసలో లేచి, కాయను నడుం మీద పెట్టుకుని, నడవ మధ్యగా నడిచి వెళ్ళి తానే పెట్టేది. సాయం పట్టబోయిన వాళ్ళకు ఒకటే జవాబు: “నా కానుక నేనే మొయ్యాల. ఇంకోళ్ళు మోస్తే అది వాళ్ళ కానుక.”

నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా, ఎండాకాలంలో, డాక్టరు గారు ఆ మోకాళ్ళను చూసి ఇక బరువులు మోయకూడదన్నారు. కర్ర పట్టుకుంటే నాలుగడుగులు వేయగలదు గాని, కర్రా గుమ్మడికాయా రెండూ ఒక మనిషికి పొసగవు. చక్రాల కుర్చీ అంటే కోపం వచ్చింది. బాబాయి మోస్తానంటే మొహం తిప్పుకుంది. మూడు రోజులు ఆవిడ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు సాయంత్రం బాబాయి బండి తిప్పుతుంటే వసారాలోంచి చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి అడిగింది.

“అది నడిచేది దేనితోరా?”

“ఈ రిమోటుతో అమ్మా. ఈ మీట నొక్కితే పోద్ది, వదిలితే ఆగుద్ది.”

“నొక్కేది ఎవరైతే నడిపేది వాళ్ళేగా?”

“మరింకెవరు?”

“అయితే ఇటివ్వు,” అంది మామ్మ.

కుట్టుమిషను తొక్కిన మనిషి కావడంతో మీట ఎంత నొక్కితే బండి ఎంత కదులుతుందో ఆవిడకు చిటికెలో పట్టుబడింది. మొదటి రోజు మాత్రం పిన్ని క్రోటను కుండీ ఒకటి, పొరుగింటి కోడి గౌరవం కొంత దెబ్బతిన్నాయి. ఆ విధంగా, మామ్మ కూర్చున్న చోటునుంచి కదలకుండానే తన కానుకను తన చేత్తో బలిపీఠం దాకా చేర్చే ఏర్పాటు ఖాయమైంది. ఈ ఏర్పాటులో మామ్మ ప్రాణం ఎంత ఉందో మా అందరికీ తెలుసు. కాబట్టి బండికి మంచి బ్యాటరీ కావాలన్నది ఏకగ్రీవ తీర్మానం. దాన్ని ఎంచే పని “చదువుకున్న పిల్ల” అని నాకు అప్పగించారు.

నాకు అప్పటికి బ్యాటరీల గురించి తెలిసింది సున్నా. కాని మా హాస్టల్లో ఇంజినీరింగు చదివే ఒక సీనియర్ అక్క ఉండేది. సెలవు రోజున సూర్యలంక ఇసుకలో ఇలాంటి బండ్లు నడిపే జట్టు ఆవిడది. ఒక మధ్యాహ్నమంతా ఆవిడను ప్రశ్నలతో విసిగించి, విన్నదంతా ప్రసంగంగా మలిచి, ఆ శనివారం రేపల్లె వసారాలో సభ తీర్చాను. బండితోపాటు వచ్చినది నికెల్ బ్యాటరీ. బరువెక్కువ, జోరు తక్కువ. దాన్ని “గతించిన తరం ప్రతినిధి” అన్నాను. (మామ్మ అప్పుడు నా వంక ఒకసారి చూసింది. నేను పట్టించుకోలేదు.) మనకు కావలసింది కొత్త రకం, లైపో అంటారు, లిథియంతో చేసేది, తేలికగా ఉండి ఎక్కువ శక్తినిస్తుంది అన్నాను.

“అయితే అన్నిట్లోకీ పెద్దది తెప్పిద్దాం,” అన్నాడు బాబాయి. “ట్యాంకు పెద్దదైతే మంచిదేగా.”

“బండి అడుగున బ్యాటరీ పట్టే అర ఎంత పొడుగుందో కొలిచావా బాబాయ్? పట్టని బ్యాటరీ ఎంత పెద్దదైతే ఏం లాభం? మోటారుకు కరెంటు కొలిచి పంపే పెట్టె ఎంత వోల్టేజి తట్టుకుంటుందో చూశావా? దానికి మించింది పెడితే పెట్టె కాలుద్ది. సరే, అసలు ఎంత బరువు మోయాలి?”

“గుమ్మడికాయంత.”

“గుమ్మడికాయ ఎన్ని కేజీలు?”

బాబాయి మామ్మ వైపు చూశాడు. మామ్మ చీర కొంగున ముడి విప్పి, బూడిద పట్టించి దాచిన విత్తనాల్లోంచి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. “ఇదిగో, ప్రస్తుతానికి ఇంతుంది. ఎంతవుద్దో దాన్నే అడుగు.”

డిబేట్‌లో ఇలాంటి సందర్భానికి మాకేమీ నేర్పలేదు. నేను గొంతు సవరించుకుని వరసలో ముందుకు సాగాను. అర పొడవు, వోల్టేజి, కనెక్టరు కలవడం, కెపాసిటీ, ఒక్కసారిగా ఎంత కరెంటు ఇవ్వగలదన్న సంగతి, తగిన ఛార్జరు. అన్నిటికన్నా బలమైన పాయింటు, సూత్రం ప్రకారం, చివరికి దాచాను: ఈ రకం బ్యాటరీని వాడకుండా పెట్టేటప్పుడు నిండుగానూ ఉంచకూడదు, ఖాళీగానూ ఉంచకూడదు. సగం దగ్గర ఆపి, చల్లని చోట పెట్టాలి. నిండుగా వేడిలో ఉంచితే లోపల గ్యాసు పుట్టి ఉబ్బుతుంది, ఉబ్బినది నిప్పంటుకోవచ్చు. సరిగ్గా ఆ పాయింటు దగ్గరికి వచ్చేసరికి కుక్కరు కూత వేసింది. పిన్ని లేచి వెళ్ళింది. బాబాయి టేపు పట్టుకుని బండి అర కొలుస్తున్నాడు. మామ్మ తల ఊపుతోంది. నన్ను సమర్థిస్తోందనుకున్నాను. కాసేపటికి తల పూర్తిగా వాలిపోయాక అర్థమైంది, నిద్రపోతోంది.

బ్యాటరీ వచ్చింది. ఛార్జరు వచ్చింది. ఆ పై శనివారం ఇంటికి వెళ్ళి చూద్దును గదా, రేకుల వసారాలో, ఫ్రిజ్ మీద, ఇన్వర్టరు పక్కన, కొత్త జేబురుమాలు పరిచి దాని మీద దాన్ని కూర్చోబెట్టారు. ఛార్జరు పచ్చదీపం వెలుగుతోంది. నిండు ఛార్జి. కిందటి వారం చెప్పిన చివరి పాయింటు మొత్తం మళ్ళీ చెప్పాను.

“సగమేంటే?” అంది మామ్మ. “ఈ ఇంట్లో ఏది సగం ఉందో చూపించు. నీళ్ళ డ్రమ్ము నిండుగా ఉంది. బియ్యం డబ్బా నిండుగా ఉంది. ఇన్వర్టరు నిండుగా ఉంది. తుపాను కబురు చేసి రాదమ్మా. సగం డ్రమ్ముతో పడుకున్నోళ్ళ సంగతి నేను చూశా.”

ఇది బలమైన వాదన. దానికి నేను, నీళ్ళ స్వభావం వేరు, లిథియం స్వభావం వేరు అన్న భేదాన్ని ఉదాహరణలతో విడమర్చాను. మామ్మ ఓపికగా విని, “నువ్వు చెప్పింది నిజమేలే,” అంది. బాబాయి, “పాయింటే,” అన్నాడు. పిన్ని, “చదువుకున్న పిల్ల చెప్తంటే వినాలిగా,” అంది. ఛార్జరులో సగానికి తెచ్చి ఆపే పద్ధతి ఉంటుంది. దాన్ని పెట్టి, నెగ్గిన తృప్తితో ఆదివారం రైలెక్కాను. ఒప్పుకోవడం వేరు, మానుకోవడం వేరు అని తెలియడానికి మనిషికి చాలా రైళ్ళు ఎక్కి దిగిన అలసట ఉండాలి. నాకు అప్పటికి అంత లేదు.

తరవాత తెలిసిన కథ ఇది. పొద్దున్నే ప్రార్థన కాగానే మామ్మ బాబాయితో, “ఒక్కసారి పెట్టరా, సగం చూస్తంటే గుండె ఝల్లుమంటంది,” అనేది. బాబాయి పెట్టేవాడు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పిన్ని సెల్‌ఫోన్లతోపాటు దాన్ని కూడా పెట్టేది. పచ్చదీపం వెలిగేదాకా ఉంచి, ఎవరికి వారు ఒక మంచిపని చేసినట్టు తృప్తిపడేవారు. మరి వాడితే అయినా కొంత తరిగేదిగా అంటారా? కొత్త చీరను పండగకి ముందు ఎవరైనా కడతారా? సాధనకంతటికీ మామ్మ ఆ పాత నికెల్ బ్యాటరీనే వాడింది. “దీన్ని ముందే వాడి మైల చేస్తానా, దేవుడి పనికి తెచ్చింది,” అందట. ఆ విధంగా ఎండాకాలమంతా, వానాకాలమంతా, రేకుల కింద, ఫ్రిజ్ వేడి మీద, ఒక్క పూట పనిచేయకుండా, ఒక్క పూట సగంలో ఉండకుండా ఆ బ్యాటరీ భక్తిశ్రద్ధల మధ్య కాలం గడిపింది. నేను మధ్యలో వెళ్ళినప్పుడల్లా, “సగమేగా?” అని అడిగేదాన్ని. “సగమే, సగమే,” అనేవారు ముగ్గురూ. పరీక్షల అలసటలో పైకి లేచి చూసే ఓపిక నాకుండేది కాదు.

గుమ్మడిపాదు మాత్రం ఎవరి సలహా అడగకుండా ప్రహరీ ఎక్కి, బాత్‌రూము కప్పు మీద ఒక కాయ కాసింది. దాన్ని దింపడానికి బాబాయి, పక్కింటాయన ఇద్దరూ కావలసి వచ్చింది. బరువు తూస్తానంటే మామ్మ ఒప్పుకోలేదు, దేవుడికిచ్చేది తూచకూడదట.

కోత పండుగ ఆదివారం పొద్దున్న మామ్మ ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో రిమోటు పెట్టుకుని, వసారా కుర్చీలో కూర్చుంది. తొట్టిలో చుట్టకుదురు, అంటే బిందె దొర్లకుండా కింద పెట్టే గడ్డి చుట్ట, సర్ది, దాని మీద గుమ్మడికాయను నిలిపి చూసి, మళ్ళీ దించారు. బాబాయి బండిని పక్కకు వంచి అడుగు మూత తీసి, కొత్త బ్యాటరీని రెండు చేతులా అందుకుని అరలో పెట్టబోయాడు. అది దిగలేదు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. దిగలేదు.

“కొలిచే తెప్పించాంగా?” అన్నాడు నాతో.

నేను చేతిలోకి తీసుకున్నాను. పలకలా ఉండవలసినది నూనెలో వేసిన పూరీలా పొంగి ఉంది.

“బాబాయ్, ఇది ఉబ్బింది.”

“వానకి తలుపు ఉబ్బదా? కొంచెం నొక్కితే పడుద్ది,” అని బొటనవేళ్ళు చాచాడు.

“నొక్కొద్దు. ఛార్జి పెట్టొద్దు. వాడొద్దు.”

“ఇంతా చేసి ఇప్పుడు వాడొద్దంటే ఎట్టా? నిన్నటిదాకా పచ్చదీపం బ్రహ్మాండంగా వెలిగింది.”

“నిన్నటిదాకా సగమే అన్నారుగా?”

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. “నేను అప్పుడప్పుడు పెట్టా,” అంది పిన్ని. “నువ్వా? నేను రోజూ పెడతన్నాగా,” అన్నాడు బాబాయి. “నేను పెట్టమంటేనేగా నువ్వు పెట్టింది,” అంది మామ్మ.

నా ఆరునెలల వాదనకు ఇంతకన్నా గొప్ప విజయం రాదు. ప్రసంగానికి నోరు తెరిచాను కూడా. ఒకటి, రసాయన చర్య. రెండు, ఉష్ణోగ్రత. కాని మామ్మ రిమోటును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్న తీరు చూశాక వరస తప్పింది. ఆవిడ నన్ను ఒకటే అడిగింది.

“పాయింట్లు వద్దమ్మా. చర్చి నిండా వరికంకులు కట్టారు, గడ్డి పరిచారు, పిల్లలుంటారు. ఇది అక్కడ అంటుకుంటదా, అంటుకోదా?”

అంటుకోకపోవచ్చు. ఉబ్బినవన్నీ మండవు. అవునని చెప్పడానికి ఆధారం లేదు, కాదని చెప్పడానికి ధైర్యం లేదు. ఇటువంటి ప్రశ్నకు రెండు పక్షాలా వాదించగల శిక్షణ ఉన్నదాన్ని.

“తెలీదు మామ్మా. అందుకే వద్దంటున్నా,” అన్నాను.

ఆ ఇంట్లో నేను మాట్లాడిన అతి చిన్న వాక్యం అదేనని పిన్ని ఇప్పటికీ అంటుంది. “అయితే బయట పెట్టు,” అంది మామ్మ. పెరట్లో, గడ్డివాముకు దూరంగా, పాత కుండలో ఇసుక పోసి అందులో దాన్ని పెట్టాం. (తరవాత మా హాస్టలు అక్క స్వయంగా వచ్చి దాన్ని పద్ధతి ప్రకారం వదిలించింది. ఆ కుండను చూసి ఆవిడ నవ్వలేదు. అందుకు నేను ఆవిడకు రుణపడి ఉన్నాను.)

“ఇక నేను మోస్తానమ్మా,” అన్నాడు బాబాయి మెల్లగా.

మామ్మ రిమోటును కొంగులో చుట్టడం మొదలుపెట్టింది. అది చూసి నాకు భయం వేసింది. అప్పుడు పిన్ని లోపలికి వెళ్ళి, అలమార కింద చెప్పుల పెట్టెలోంచి ఆ గతించిన తరం ప్రతినిధిని తెచ్చింది. నికెల్ బ్యాటరీ. సాధన ముగిశాక దాని మొహం చూసినవాళ్ళు లేరు. ఇంటిల్లిపాదీ కొత్తదాన్ని నింపడంలో మునిగిపోయి దీన్ని ఖాళీగా వదిలేశారు. దాని ఛార్జరు నిదానస్తురాలు, నిండడానికి ఒక పూట పడుతుంది. చర్చి గంట అప్పటికే మోగుతోంది.

“అక్కడ ప్లగ్గు ఉంటదిగా,” అంది పిన్ని. “అయ్యగారి ప్రసంగం అయ్యేసరికి రెండు కుక్కర్లు ఉడుకుతాయి. ఇది నిండదా?”

మా పాస్టరు అయ్యగారు మంచివారు, కాని క్లుప్తత ఆయన సుగుణాల్లో లేదు. ఆయన ప్రసంగం మొదలుపెట్టాక పొయ్యి మీద పప్పు పెట్టివచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళి, దించి, తిరిగివచ్చి కూర్చున్నా ఆయన అదే వచనం మీద ఉండేవారు. ఎన్నో ఆదివారాలు ఆ చాప మీద కూర్చుని వాదనను కుదించడం ఎలాగో ఆయనకు నేర్పాలని నేను తహతహలాడాను. ఆ రోజు మాత్రం బలిపీఠం పక్క గదిలో, కీబోర్డుకు కరెంటు వెళ్ళే ఎక్స్‌టెన్షను బోర్డుకు ఛార్జరు తగిలించి, నేల మీద కూర్చుని, బ్యాటరీ మీద చెయ్యి పెట్టి (నిండబోయేటప్పుడు వెచ్చబడుతుందని అక్క చెప్పింది), ప్రభువా ఈయనను ఇంకొంచెం మాట్లాడనివ్వు అని ప్రార్థించాను.

బలిపీఠం ముందు కానుకగా తెచ్చిన కోళ్ళు కాళ్ళు కట్టేసి ఉన్నాయి. అయ్యగారు నోరు తెరిచినప్పుడల్లా అవీ తెరుస్తున్నాయి. ఆయన చిరునవ్వు నవ్వి, “ఈ పూట వీళ్ళు కూడా మాట్లాడదామనుకుంటున్నారు కాబట్టి నేను తక్కువ మాట్లాడతాను,” అన్నారు. అన్నట్టే చేశారు. నా ఎరుకలో ఆ మనిషి క్లుప్తంగా ముగించిన ఏకైక ఆదివారం అది. నా చేతికింద బ్యాటరీ ఇంకా చల్లగానే ఉంది.

వెనక ద్వారం దగ్గర బండికి దాన్ని తగిలించి, గుమ్మడికాయ ఎక్కించి, మామ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. జనం కొల్లూరు లంకల అరటిగెలలు, వడ్ల బస్తాలు, నాగరికంగా పూతవేసిన కేకులు కూడా పెట్టేసి వచ్చారు. కోత పాట మొదలైంది. మామ్మ మీట నొక్కింది. బండి కదిలింది.

అది వెళ్ళిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. అటు మగవాళ్ళ చాపలు, ఇటు ఆడవాళ్ళ చాపలు, మధ్య నడవలో గుమ్మడికాయ తన ఇష్టప్రకారం తానే వెళ్తున్నట్టు నింపాదిగా వెళ్ళింది. కొత్త బ్యాటరీ అయితే జోరుకు కాయ వెనక్కి దొర్లి ఉండేదేమో. పిల్లలు పాట మానేసి చూశారు. ఆపై పెద్దలూ మానేశారు. కీబోర్డు ఒక్కటే పాడుతోంది. నడవలో సగం దాటి కొంచెం వెళ్ళాక బండి నెమ్మదించి, ఒకసారి వణికి, ఆగిపోయింది.

నేను లేచాను. ముందు వరసలోంచి బాబాయి లేచాడు. అయ్యగారు కూడా మెట్టు దిగారు.

“కూర్చో,” అంది మామ్మ నాతో. తరవాత గొంతు పెంచింది. “అయ్యగారండి, మీరు కూడా ఆగండి. ఎవరూ ముట్టుకోవద్దు. దానికి ఆయాసమొచ్చింది, అంతే. నాకు రాదా?”

నడవ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, “పోనీ కాస్త నెట్టమంటావా వదినా?” అన్నాడు.

“నువ్వు నెడితే నేను మోసినట్టు ఎట్టా అవుద్ది? పాట ఆపారేంటి, పాడండి.”

పాడారు. చరణం అయ్యేదాకా మామ్మ మీట ముట్టుకోలేదు. అలసిన నికెల్ బ్యాటరీని కాసేపు వదిలేస్తే కొంచెం తేరుకుంటుందన్నది శాస్త్రమే. అక్క నాకు చెప్పింది కూడా, పనికిరాని సంగతని నేను నా ప్రసంగంలో చేర్చలేదు. మామ్మకు ఆ శాస్త్రం ఎవరూ చెప్పలేదు. నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని నిలబడి, మళ్ళీ నాలుగడుగులు వేయడం ఆవిడకు రోజూ ఉన్నదే. చరణం అయ్యాక మీటను మెల్లగా, దారం తెగకుండా చూసుకునే మిషను చెయ్యితో, తాకింది. బండి నాలుగు చాపల దూరం పోయి మళ్ళీ ఆగింది. జనం ఇంకో చరణం ఎత్తుకున్నారు. ఉన్న చరణాలు అయిపోతే మొదటికి వచ్చారు. ఎవరూ గడియారం చూడలేదు. కోళ్ళు కూడా ఊరుకున్నాయి. చివరికి బండి ముందు చక్రాలు బలిపీఠం మెట్టుకు తగిలి నిలిచాయి. మామ్మ రిమోటు ఒళ్ళో పెట్టుకుంది.

“ఇప్పుడు తీసుకోండి అయ్యగారండి. నా పని అయిపోయింది.”

మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో అందరం కూలబడ్డాం. చెప్పవలసింది చాలా ఉండి కూడా నాకు నోరు రాలేదు. అలసట ఎక్కువై మాట తక్కువైన మొదటి పూట అది. మామ్మే అడిగింది.

“ఎండాకాలంలో సగం సగం అని పోరావ్. సగంతో పండగ పూట ఎట్టా గడుస్తదే?”

“సగంలో ఉంచాలి మామ్మా. వాడే ముందురోజు నింపుకోవాలి.”

“అంతేనా?” అంది మామ్మ. “అది ముందే చెప్పొచ్చుగా.”

ఇప్పుడు నేను తెనాలిలో ఉద్యోగం చేస్తున్నాను. రోజంతా మనుషులకు నిబంధనలు వివరించే ఉద్యోగం. సాయంత్రానికి గొంతు పోతుంది. ముఖ్యమైన మాట మొదట చెప్పి, మిగిలినవి అడిగితే చెబుతాను. చాలామంది అడగరు. శనివారం అదే బెంచీ మీద కూర్చుంటే, చేతిలో కాగితాల కట్టతో, లోకాన్ని ఏడు పాయింట్లలో సరిచేయగలనని నమ్మిన ఆ పిల్ల పక్కన వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. దానితో వాదించే ఓపిక లేక, కొంచెం జరిగి చోటిస్తాను. ఇంట్లో బండికి మళ్ళీ ఒక కొత్త బ్యాటరీ ఉంది. మామ్మ దాన్ని మంచం కింద, చల్లగా, సగంలోనే ఉంచుతుంది. దాని వంక చూసినప్పుడల్లా గుండె ఝల్లుమంటుందట, అందుకని చూడదట. నీళ్ళ డ్రమ్ము మాత్రం యథాప్రకారం నిండుగానే ఉంది. ఆ విషయంలో ఆవిడతో వాదించేవాళ్ళు లేరు.

కాబట్టి మీకు నా మనవి, ఈసారి ముఖ్యమైనది ముందే. మీ ఇంట్లో బొమ్మబండి బ్యాటరీ ఎక్కడో ఒకచోట నిండు ఛార్జితో కూర్చుని ఉంటుంది. ఇవాళే తీసి చూడండి. లైపో రకమైతే సగానికి తెచ్చి చల్లని చోట పెట్టండి. ఉబ్బి ఉంటే నొక్కకండి, ఛార్జి పెట్టకండి, చెత్తబుట్టలో వేయకండి. ఇంటికి దూరంగా ఇసుకలో ఉంచి, తెలిసినవాళ్ళకు అప్పగించండి. ఇక రెండోది, ఇదే ఆఖరు: మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా తమ బరువు తాము మోస్తూ నడవ మధ్యలో ఆగిపోతే, దయచేసి లేచి అందుకోకండి. కూర్చుని, ఇంకో చరణం పాడండి.